గవిలో జాజు చుక్కలు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు మార్కాపురంలో, హాస్టల్ మెట్ల మీద అందింది. బీఈడీ క్లాసుకని దిగుతుంటే నాయన ఫోన్ చేశాడు.

“అత్త పోయినాది పాపా. వాకిలి ఊడ్చి, చీపురు గోడకానిచ్చి కూచున్నాది. కూచున్నది కూచున్నట్టే.”

నేను ఏదో అన్నాను, ఏమన్నానో గుర్తు లేదు. మళ్ళీ నాయనే అన్నాడు: “ఇంకా వానలు పడలా. ఆలోపల మైల తీరిపోతాదిలే.”

తన అక్క శవం ఇంకా అరుగు మీదే ఉండగా వానల మాట ఎందుకెత్తాడని మీరు అనుకోవచ్చు. నాకు మాత్రం వెంటనే అర్థమైంది. మా ఇంటి ఆడబిడ్డ పోయింది. మిగిలిన ఆడబిడ్డను నేనే. కొండమీద గవిలో ఉన్న గోడ ఇక నా వంతు అని ఆయన చెబుతున్నాడు.

చదివే మీకు మా అత్త తెలియదు. ఆమె గురించి చెప్పాలంటే ముందు ఆ గోడ గురించి చెప్పాలి. గోడను పక్కనపెట్టి ఆమెను తలుచుకోవడం నాకు చేతకాదు.

మా ఊరు పుల్లలచెరువు దాటి నల్లమల అంచున ఉంటుంది. కంది, సజ్జ వానను బట్టి పండుతాయి. నమ్ముకున్నది గొర్రెల్నే. ఊరి వెనక కొండ మట్టికొండ కాదు, నున్నటి బండల కొండా కాదు. ఎవరో పలకలు తెచ్చి దొంతరలు పేర్చి, సగంలో విసుగుపుట్టి వదిలేసినట్టు ఉంటుంది. కొన్ని దొంతరలు ఒరిగాయి, కొన్ని విడిపోయి మధ్యన సందులు పడ్డాయి. నడుమ ఒక నిలువురాయి, దాని నెత్తిన ఒక అడ్డరాయి. దూరం నుంచి చూస్తే గంప ఎత్తుకున్న మనిషిలా ఉంటుంది కాబట్టి గంపబండ అంటారు. గంపబండ దాటి పైకెక్కితే ఒక పెద్ద పలక ముందుకు వంగి పందిరి వేసినట్టు ఉంటుంది. దాని కిందిదే గవి. మా వైపు గుహను గవి అంటాం.

అందులో ఎప్పుడో మనుషులు కాపురమున్నారు. పైకప్పు ఇప్పటికీ పొగచూరి ఉంటుంది. నేలరాతి మీద నూరి నూరి పడిన గుంటలు ఉన్నాయి, చెయ్యి పెడితే అరచేయి సరిగ్గా కూర్చుంటుంది. లోపలి గోడ మీద ఎర్రటి బొమ్మలున్నాయి. కర్రలు పట్టుకున్న మనుషులు, వరుసగా నడిచే జీవాలు, అన్నిటికీ ముందు కొమ్ములున్న ఒక పెద్ద జీవం. దాన్ని మేము పొట్టేలు అనేవాళ్ళం.

తొలకరి పడి చేలల్లో విత్తనం పడితే మందలకు ఊళ్ళో చోటుండదు, అడవికి తోలాలి. తోలే ముందు మా ఇంటి ఆడబిడ్డ గవికెక్కి ఆ బొమ్మలను జాజుతో దిద్ది రావాలి. జాజు అంటే గడపలకూ అరుగులకూ పూసే ఎర్రమన్నే. దాన్ని గొర్రెపాలతో నూరి, పుల్లకు గొర్రెబొచ్చు చుట్టి దిద్దుతారు. కోడళ్ళు దిద్దకూడదు. మగవాళ్ళు గంపబండ దగ్గరే మందతో ఆగిపోవాలి. లోపల కాపురమున్నది వేరే ఇంటివాళ్ళు, ఆడబిడ్డ పలకరించి వస్తేనే వాళ్ళు అడవిలో మన జీవాలను కనిపెట్టి ఉంటారని మావాళ్ళ నమ్మకం.

మా అత్తను ముండ్లమూరు వైపు ఇచ్చారు. కొంతకాలానికే తిరిగొచ్చేసింది. ఎందుకని నేను అడగలేదు, ఇంట్లో ఎవరూ చెప్పలేదు. అడిగిన ఊరి ఆడవాళ్ళకు మాత్రం ఆమె నవ్వుతూ ఒకటే జవాబు చెప్పేది: “బొమ్మలు రంగు పోయి ఏడస్తాండయ్యంట. గోడే పిలిపించినాది నన్ను.” అందరూ నవ్వేవాళ్ళు. పెద్దయ్యాక నాకు అర్థమైంది, అది ఉత్త నవ్వు మాట కాదని. తమ్ముడి ఇంట్లో, మరదలి పొయ్యి దగ్గర, ఆమెకంటూ ఉన్న చోటు ఆ గోడ ఒక్కటే. ఏడాదికి ఒకరోజు ఊరి మందలన్నీ ఆమె దిగివచ్చేదాకా కదలకుండా నిలబడేవి.

చిన్నప్పుడు నన్ను మొదటిసారి తీసుకెళ్ళినప్పుడు గవి ముందర ఆగి, లోపలికి గట్టిగా పిలిచింది: “ఏమ్మా ఇంట్లోనోళ్ళూ! మేము వస్తాండం!”

“లోపల ఎవరున్నారత్తా?” అన్నాను బెదిరిపోయి.

“ఉంటే ఎలుగ్గొడ్డు ఉంటాది. పిలిస్తే లేచి అవతల సందులోనుంచి పోతాది. దానికీ మర్యాద తెలుసు, మీ అమ్మ మాదిరి కాదు.”

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. లోపలికి పోయాక మాత్రం ఆమె నవ్వలేదు. గోడ ముందు గొంతుకూర్చుని, కొంగు బిగించి, కుంచె ముంచింది. కాలి దగ్గర నుంచి మొదలుపెట్టి వీపు మీదుగా కొమ్ముల దాకా ఒక్కో జీవాన్నీ దిద్దింది. పొట్టేలు కొమ్ముల దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగపట్టి గుండ్రంగా రెండు చుట్లు తిప్పింది. “మా అమ్మ ఒక చుట్టే తిప్పేది. పొట్టేలన్నాక రెండు చుట్లు లేకుంటే పౌరుషం యాడుంటాది?” అంది.

ఆ రోజు నుంచి కొన్నాళ్ళు ఆమె గోళ్ళు ఎర్రగా ఉండేవి. జాజు అంత త్వరగా వదలదు. ఆ ఎర్రటి వేళ్ళతోనే సంగటి ముద్ద చేసి పళ్ళెంలో పెట్టేది.

డిగ్రీలో చేరాక నాకు మాటల పిచ్చి పట్టింది. సెలవులకు వచ్చినప్పుడల్లా అత్త వెనకే తిరిగి, ఆమె వాడే మాటలన్నీ అడిగేదాన్ని. ఆమె దాన్ని వెక్కిరించేది. “మాటలు ఏరుకుంటాండావా కోడలా? ఏరుకో. గొర్రెపెంటికలు ఏరుకున్నా ఎరువన్నా అయితాది.” అని మళ్ళీ తనే కూర్చోబెట్టి చెప్పేది. గవి ఎందుకు ఊరికంటే చల్లగా ఉంటుందో, ఏ రాయి మీద కాలు పెట్టకూడదో, ఏ పక్షి అరిస్తే వాన దగ్గరో చెప్పేది. నేను తొందరపెడితే ఒకటే మాట: “రాయికి తొందర లేదు మ్మే. మనకే.”

ఆ రోజుల్లోనే ఒక మేడం వచ్చింది. ఇలాంటి గుహలు వెతుక్కుంటూ కొండలన్నీ తిరిగే పరిశోధకురాలు. ఎండకు ముఖం కమిలిపోయి ఉంది, మాట మెత్తన. అత్తే ఆమెను గవికి తీసుకెళ్ళింది, తోడుగా నేను. మేడం గోడ ముందు చాలాసేపు నిలబడింది. ఫోటోలు తీసింది. సాయంత్రం మా అరుగు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచి, ఫోటోలో రంగులు అటూ ఇటూ మార్చింది. మాకు తెలిసిన ఎరుపు పలచబడిపోయింది. దాని కింద నుంచి ఇంకొకటి తేలింది.

సన్నటి కాళ్ళు. ఎత్తిన మెడ. చెట్టుకొమ్మల్లా చీలుతూ పైకి పోయిన కొమ్ములు. ఒక కాలు మడిచి, దూకబోతున్నట్టు ఉంది.

“ఇదేంది?” అంది అత్త.

“మీ పొట్టేలేనమ్మా. మొదట గీసినవాళ్ళు దుప్పిని గీశారు. తర్వాత తరతరాలుగా పైన దిద్దుతూ వచ్చారు కదా, మెల్లగా పొట్టేలైపోయింది.”

గొర్రెలు తప్ప వేరే జీవం ఎరగని చేతులు దిద్దుతూ దిద్దుతూ దుప్పిని మందలో కలిపేసుకున్నాయి. కాళ్ళు లావెక్కాయి, కొమ్ములు చుట్టుకున్నాయి. ఎవరూ కావాలని చేయలేదు. ఒక్కొక్కరూ తమ అమ్మ దిద్దినదాన్నే దిద్దారు.

మేడం ఎవరినీ తప్పుపట్టలేదు. అత్త చెయ్యి పట్టుకుని అడిగింది. “పైన రంగు పడేకొద్దీ కిందిది పోతుందమ్మా. వేల ఏళ్ళ నాటివి. ఇకమీదట దిద్దకండి.” శిలాచిత్రాలు అనే మాట నేను మొదటిసారి ఆమె నోట విన్నాను. ఎంత బాగుందో అనుకుని పెదాల మీద రెండు మూడుసార్లు పలికి చూసుకున్నాను. ఆమె వెళ్ళాక అత్త అంది, “శిలాచిత్రాలంట! మేము బొమ్మలనుకుంటిమి.” ఆ మాటలో ఎప్పుడూ ఉండే ఎకసెక్కెం లేదు. ఆ పూట సంగటి ముద్ద ముట్టలేదు.

ఆ ఏడు తొలకరికి ఆమె గవికెక్కి, ఊరికే దిగివచ్చింది. గంపబండ దగ్గర మందతో నిలబడ్డవాళ్ళకు దాచకుండా చెప్పింది: “ఎయ్యలా. ఎయ్యగూడదంట.” మగవాళ్ళు ముఖాలు చూసుకున్నారు. మంద అడవికి పోయింది.

వానలు ముదిరాక నీలినాలుక వచ్చింది. నోళ్ళు పుండ్లుపడి, నాలుకలు కమిలి, గొర్రెలు నడవలేక ఎక్కడివక్కడ కూలబడ్డాయి. పశువుల డాక్టరు దోమల వల్ల వచ్చే రోగమన్నాడు, టీకాలు వేయించుకోమన్నాడు. ఊరు ఆయన చెప్పింది వింది, నమ్మింది మాత్రం వేరే. ఒక సాయంత్రం నాయన అడవి నుంచి వచ్చి, చచ్చిన విత్తనపు పొట్టేలును వాకిట్లో పడేసి, అత్త వంక చూడకుండా అన్నాడు:

“ఎవురో ఫోటోలు తీసుకోను వస్తే, ఉన్న పొట్టేలును దుప్పిని చేసి పాయ. ఇంగ మన పొట్టేళ్ళను ఎవురు కాస్తారు? ఒక్క దినం పని అక్కా నీకు. ఒక్క దినం!”

అత్త ఆ చచ్చిన జీవం పక్కన కూర్చుని, దాని కళ్ళ మీది ఈగలను కొంగుతో తోలుతూ ఉండిపోయింది. ఆ మాట ఆమెకు ఎక్కడ తగిలిందో నేను చూశాను. ఊళ్ళో ఆమెకున్న ఒక్క పనీ ఆమె చేయలేదు, చేయకపోవడం వల్ల ఇల్లు నష్టపోయింది.

మరుసటి ఏడు నాయనే జాజు నూరించి, ముంతలో పోసి ఆమె చేతిలో పెట్టాడు. నన్ను తోడుగా పంపాడు. అత్త గవి ముందర ఎప్పటిలాగే పిలిచింది, లోపలికి పోయి గోడ ముందు కూర్చుంది. ముంత మూత తీయలేదు. నడుముకు చెక్కుకున్న కుంచెను తీసి, పొడి కుంచెనే పట్టుకుని దిద్దడం మొదలుపెట్టింది. గోడను తాకలేదు. వేలెడు దూరంలో, గాలిలో, కాలి నుంచి మొదలుపెట్టి వీపు మీదుగా కొమ్ముల దాకా. కొమ్ముల దగ్గర చుట్లు తిప్పలేదు. చెయ్యి పైకి పోయింది, కొమ్మల్లా చీలుతూ.

“అత్తా, నాయన అడిగితే?”

“ఏసినా అంటా.”

“రంగే వేసెయ్యొచ్చు కదా?”

ఆమె నావైపు తిరగలేదు. “ఆ కాళ్ళు చూసినావు గదా పాపా, ఎట్ల దుంకబోతాండయ్యో? చూసినాక వాటి మీద రంగు పుయ్యను చెయ్యి రాలా. అట్లని పలకరించకుండా ఇడిసిపెట్టనూ మనసు రాలా. ఇల్లన్నాక ఎవరో ఒకరు పలకరించాల గదా.”

దిగేటప్పుడు ముంతలో జాజునంతా ఒక పొద కింద పారబోసింది. గంపబండ దగ్గర నాయన ఎదురొచ్చాడు.

“ఏసినావా అక్కా?”

“ఏసినా. తోలుకోండి.”

ఆ ఏడు టీకాలు కూడా వేయించారు. రోగం రాలేదు. బొమ్మలు దిద్దినందువల్లే అని ఊరు చెప్పుకుంది. ఆ తర్వాత ప్రతి తొలకరికీ అదే జరిగింది, అదే అబద్ధం. ఆమె మునుపటికన్నా తక్కువ మాట్లాడేది. మందలు అడవిలో ఉన్నన్నాళ్ళూ ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. ఏ గొర్రె కుంటినా, ఏ పిల్ల పాలు తాగకపోయినా ముందు ఆమె ముఖం పాలిపోయేది.

చివరిసారి ఇంటికి వెళ్ళినప్పుడు, సందుగపెట్టె మీద కూర్చుని నాకు తల దువ్వుతూ అడిగింది: “మ్మే, నువ్వు చదువుకున్నావు గదా. నేను ఏసినట్టా, ఎయ్యనట్టా?”

నా దగ్గర అప్పటికి చాలా మాటలున్నాయి. ఆ ప్రశ్నకు సరిపోయేది ఒక్కటీ దొరకలేదు. “వేసినట్టేలే అత్తా” అన్నాను.

“అట్లయితే మీ నాయనకు చెప్పు” అంది. ఇంకో పాయ అందుకుని చిక్కు తీసింది. “వద్దులే. వాడు ఓర్చుకోలేడు” అంది.

అదే ఆమె నాతో కూర్చుని మాట్లాడిన ఆఖరు మాట. మళ్ళీ చూసేసరికి అరుగు మీద ఉంది. ఆడవాళ్ళు నీళ్ళు పోస్తూ చేతులు కడిగారు. నేను గోళ్ళనే చూశాను. శుభ్రంగా ఉన్నాయి.

మైల తీరింది. మొదటి వాన పడింది. పొద్దున నాయన ముంత తెచ్చి నా చేతికిచ్చాడు. అత్త కుంచె అటక మీద దొరికింది, బొచ్చు మెత్తగా, కొత్తదానిలా ఉంది. నేను ఒక్కదాన్నే ఎక్కాను. గవి ముందర ఆగి అత్త పిలిచినట్టే పిలిచాను.

లోపల గోడ చాలా వెలిసిపోయి ఉంది. కొన్నేళ్ళుగా రంగు పడక, పైనున్న పొట్టేలు అక్కడక్కడా పెచ్చులు లేచింది. ఒకచోట, ముందుకాలి దగ్గర, కింది నుంచి సన్నటి గీత ఒకటి బయటపడింది. ల్యాప్‌టాప్‌లో చూసిన ఆ మడిచిన కాలే. నా కంటితో నేను చూశాను. అత్త చూసి ఉంటుంది. అందుకే అంత భయంలోనూ చెయ్యి గోడను తాకనివ్వలేదు.

నేను ముంత మూత తీశాను. అంత దూరం మోసుకొచ్చిన రంగును పొద కింద పారబోయాలనిపించలేదు. కుంచె ముంచాను. తడి కుంచెను గోడకు వేలెడు దూరంలో పట్టుకుని, ఆమె నడిపినట్టే కాలి నుంచి కొమ్ముల దాకా నడిపాను. జాజు నా వేళ్ళ మీదుగా మణికట్టు దాకా కారింది. గోడకు అంటలేదు.

కిందికి వచ్చేసరికి నాయన గంపబండ నీడలో నిలబడి ఉన్నాడు. వెనక మంద, మందకు అటువైపు మిగతావాళ్ళు. ఆయన నా చేతులు చూశాడు.

“ఏసినావా పాపా?”

అవునంటే సరిపోయేది. చేతులు సాక్ష్యం చెప్పేవి. కానీ ఆ అబద్ధం మోసి మోసి ఆమె ఎంత చిక్కిపోయిందో నేను చూశాను.

“గోడకు ఎయ్యలేదు నాయనా. అత్త కూడా ఎయ్యలేదు. ఇన్నేళ్ళూ.”

ఆయన కోప్పడతాడనుకున్నాను. ఆయన చేతికర్రను ఒక చెయ్యి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

“తెలుసు” అన్నాడు.

నేను నిలబడిపోయాను.

“దిగొచ్చిన పూట నాకు సంగటి పెట్టినాది గదా. చేతులు చూసినా. గోళ్ళు తెల్లగుండాయి.”

“మరి అడగలేదేం నాయనా?”

“అడిగితే చెప్పాల ఆమె. చెప్తే నేను ఈళ్ళకు చెప్పాల. ఊరు ఊరుకుంటాదా? అడగకుండా ఉంటే ఆమె ఏసినట్టే, మంద అడవికి పోయినట్టే అనుకుంటి.”

“నీకు తెలిస్తే ఓర్చుకోలేవని భయపడింది నాయనా. రోజూ భయపడింది.”

ఆయన గంపబండ వైపు తల తిప్పుకున్నాడు. “ఎరికే అక్కా అని ఒక్క మాట అనుంటే పోయేది” అన్నాడు. నాతో కాదు. ఆ మాట అందవలసిన మనిషి దాటిపోయి నెల కూడా కాలేదు. ఒకే పొయ్యి దగ్గర తిన్న ఇద్దరు మనుషులు, ఒకరికోసం ఒకరు నోరు మూసుకుని, ఇన్ని తొలకరులు గడిపారు.

మంద అటువైపు నుంచి ఎవరో అరిచారు. “ఏందన్నా, అయినాదా? ఎండ ఎక్కతాండాది!”

నాయన గొంతు సవరించుకున్నాడు. వేసిందనలేదు, వేయలేదనీ అనలేదు.

“పాప ఎక్కొచ్చినాది. తోలండి!”

గొర్రెలు మా రెండు పక్కలా విడిపోయి, మళ్ళీ కలుసుకుని, కొండ వైపు కదిలాయి. ఈ ఏడు వాటికి ఏమవుతుందో నాకు తెలియదు. టీకాలు వేయించారు. అయినా నాయన ఫోన్ వస్తే నేనూ ఇప్పుడు ఉలిక్కిపడుతున్నాను. అత్త నుంచి నాకు వచ్చిన ఆస్తి అదేనేమో.

నాయనకు చెప్పనిది ఒకటుంది. గవిలో కుంచె నడిపాక చెయ్యి దించి కిందికి చూశాను. గోడ అడుగున, ఆమె గొంతుకూర్చునే చోట, నేలరాయి నిండా చుక్కలున్నాయి. ఇన్నాళ్ళూ గోడ వంకే చూసి నేను వాటిని గమనించలేదు. దిద్దిన ప్రతి ఆడబిడ్డ కుంచె నుంచీ జారిపడ్డవే. నల్లబడిపోయినవి, గోధుమరంగుకు తిరిగినవి, ఒకదాని మీద ఒకటి పడి ఎండిపోయినవి. వాటిని ఎవరూ దిద్దలేదు, ఎవరూ మార్చలేదు. వాటిలో ఏవి అత్తవో చెప్పడానికి లేదు. అన్నిటికీ పైన నావి, ఇప్పుడే రాలినవి, ఇంకా తడిగా మెరుస్తున్నాయి.